ఆయన రంగూన్‌లో చనిపోలేదు: రికార్డు గదుల బాధ్యులకు బహిరంగ లేఖ

ఉమ్మడి గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పాత రిజిస్టర్లున్న గదుల తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళందరికీ నమస్కారం. తహసీల్దార్లకు, సబ్ రిజిస్ట్రార్లకు, జనన మరణాల రిజిస్టర్లు చూసేవాళ్ళకు, పాత స్కూళ్ళ హెడ్మాస్టర్లకు, చర్చి పాస్టర్లకు, అటక మీద కరణీకం దఫ్తరాలు ఇంకా దాచుకున్న కుటుంబాలకు కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మా నాయనమ్మ వాళ్ళ నాన్న ఏమయ్యారో తెలుసుకోవడానికి నాలుగేళ్ళు తిరిగాను. ఆయన జాడ ఏ ఒక్క చోటో దొరికి ఉంటే వాళ్ళకొక్కరికే రాసి ఊరుకునేదాన్ని. మీలాంటి ఆరేడుగురి దగ్గర ముక్కలు ముక్కలుగా దొరికింది కాబట్టి అందరికీ రాయాల్సి వచ్చింది.

నాయనమ్మ పుట్టింటివాళ్ళది బాపట్ల దగ్గర ఊరు. ఆమెకు ఆరేళ్ళప్పుడు తండ్రి కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ వెళ్ళారట. మొదట్లో ఒకటి రెండు సార్లు మనియార్డర్ వచ్చింది. ఆ తర్వాత డబ్బూ లేదు, ఉత్తరమూ లేదు. ఆయన భార్య బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలియకుండా పన్నెండేళ్ళు చూసింది. పన్నెండేళ్ళూ నిండాక పెద్దలు కూర్చుని ఇక ఆయన లేనట్టే అనుకోమన్నారు. ఆయనకు మగపిల్లలు లేరు. అందుకని కూతురి కొడుకుగా మా నాన్నే ఆయనకు పిండం పెడుతూ వచ్చారు. పోయిన తిథి తెలియదు కాబట్టి ఏటా మహాలయ అమావాస్య నాడు పెట్టేవారు. తిథి తెలియనివాళ్ళందరికీ ఆ రోజే కదా. నాయనమ్మ మాత్రం ఆ రోజు సరిగా అన్నం తినేది కాదు. "అందరితో కలిపేశాం, మా నాన్నకంటూ ఒక రోజు లేదు" అనేది. 1998లో ఆమె పోయేదాకా ఆ మాట వింటూనే ఉన్నాను.

నాకీ వెతుకులాట సరదాకి మొదలవలేదని చెప్పడానికే ఇదంతా రాశాను. ఒక చోట కౌంటర్ దగ్గర నన్ను "ఇప్పుడు ఆయన ఎప్పుడు పోతే మీకేంటమ్మా, ఆస్తి గొడవ ఏమన్నా ఉందా?" అని అడిగారు. ఆస్తి ఏమీ లేదు. ఉన్నదల్లా ఎనభై నాలుగేళ్ళ మా నాన్నకు తెలియాల్సిన ఒక తిథి.

మొదలుపెట్టింది నాయనమ్మ ట్రంకు పెట్టెతో. అందులో ఒక శిస్తు రసీదు ఉంది. కరణం గారి గొలుసుకట్టు రాత. ఎక్కడ ఒక మాట ఆగి ఇంకో మాట మొదలైందో నాకు అర్థం కాలేదు. మూలన 1334 అని అంకెలు కనిపించాయి. అదేం లెక్కో తెలియక పట్టా నంబరేమో అనుకున్నాను. ఊళ్ళో తొంభైకి దగ్గరగా ఉన్న ఒక పెద్దాయన, ఆయన తండ్రి కరణం దగ్గర రాతపని చేసేవారట, చూసిన వెంటనే "ఇది ఫసలీ తల్లీ, 590 కలుపుకో" అన్నారు. కలిపితే 1924. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఇది 1924 జూలై నుంచి 1925 జూన్ దాకా నడిచింది. ఆ ఏడు శిస్తు ఆయన పేరునే కట్టారు. అప్పటికింకా ఊళ్ళో ఉన్నారన్నమాట. ఆ పెద్దాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని గొలుసుకట్టు మీద వేలు జరుపుతూ ఒక్కో పేరూ విడదీసి చదువుతుంటే నేను పక్కన మామూలు తెలుగులో రాసుకున్నాను. అలా చదవగలిగినవాళ్ళు మండలానికి ఎంతమంది మిగిలారో మీలో ఎవరైనా లెక్కపెట్టారా? పోయినేడు ఆయన కూడా పోయారు.

తర్వాత ఊరి మరణాల రిజిస్టర్ కోసం బయల్దేరాను. ఆ రోజుల్లో పల్లెల్లో పుట్టినా చచ్చిపోయినా మునసబు రాసుకునేవారు. 1984 జనవరిలో కరణం మునసబుల వ్యవస్థ రద్దయింది. 1985 మేలో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ ఏడాదిన్నరలో ఎన్ని దఫ్తరాలు ఎడ్లబండ్ల మీదా ట్రాక్టర్ల మీదా ఎక్కడెక్కడికి వెళ్ళాయో, ఎన్ని అసలు వెళ్ళకుండా ఇళ్ళలోనే ఉండిపోయాయో మీకు నాకంటే బాగా తెలుసు.

దానికి తోడు జిల్లాలు మారాయి. బాపట్ల, చీరాల వైపు ఊళ్ళ సంగతే చూడండి. 1859లో పాత గుంటూరు జిల్లాను ఎత్తేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో మళ్ళీ గుంటూరు జిల్లా ఏర్పడింది. 1970లో ఒంగోలు కేంద్రంగా ప్రకాశం జిల్లా పెట్టినప్పుడు చీరాల అటు వెళ్ళింది, బాపట్ల గుంటూరులోనే ఉండిపోయింది. 2022 ఏప్రిల్‌లో రెండూ కలిసి బాపట్ల జిల్లా అయ్యాయి. నాయనమ్మకు అమ్మ తరఫు చుట్టాలది చీరాల పక్కన ఊరు. ఆ ఊరు ఉన్నచోటే ఉంది, దాని కాగితాలు మాత్రం నాలుగు జిల్లా పేర్ల కింద తిరిగాయి. నేను పాత జిల్లా కేంద్రంలో అడిగితే కొత్త జిల్లాకు పంపేశామన్నారు. కొత్త జిల్లాలో అడిగితే ఇంకా మాకు రాలేదన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదనే అనుకుంటున్నాను. ఏ రికార్డు ఎక్కడుందో రాసుకున్న పట్టిక ఇద్దరి దగ్గరా లేదు, అంతే.

సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెడితే ఒక చోట నుంచి "ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వడం కుదరదు" అని జవాబొచ్చింది. ఆ ఆఫీసు పేరు రాయను. ఆ సంతకం చేసినాయనకు నా మీద కోపమేమీ లేదు, సెక్షన్ సరిగా చూసుకోలేదు. చట్టం పుస్తకం నేనూ కొనుక్కుని చదివాను. సెక్షన్ 8(3) ప్రకారం ఇరవై ఏళ్ళ కిందట జరిగిన సంగతులకు వ్యక్తిగత సమాచారమనే అడ్డు వర్తించదు. మా ముత్తాత సంగతి తొంభై ఏళ్ళ కిందటిది. సెక్షన్ 6(3) ప్రకారం అర్జీ తప్పు ఆఫీసుకు వస్తే అయిదు రోజుల్లో సరైన ఆఫీసుకు వాళ్ళే పంపాలి. అన్నిటికంటే ముందు సెక్షన్ 4(1)(ఎ) ఉంది. ప్రతి ఆఫీసూ తన రికార్డులకు పట్టికలు, సూచికలు తయారుచేసి పెట్టుకోవాలని అది చెబుతోంది. 2005లో వచ్చిన చట్టం ఇది. నేను మీ నుంచి కొత్తగా ఏ సౌకర్యమూ అడగడం లేదు. ఇరవై ఏళ్ళుగా రాసి ఉన్న పని చేయమంటున్నాను.

అసలు దారి దొరికింది తెనాలిలో, ఒక పెళ్ళిలో. నాన్న వైపు దూరపు చుట్టం ఒకాయన భోజనాల దగ్గర తమ పొలం లింకు డాక్యుమెంట్ల గురించి మాట్లాడుతూ, 1932 నాటి అమ్మకం దస్తావేజులో సాక్షిగా మీ నాయనమ్మ పుట్టింటి ఇంటిపేరాయన ఒకరున్నారని యథాలాపంగా అన్నారు. మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. మడతల దగ్గర చిరిగి, వెనక గాజుగుడ్డ అంటించిన స్టాంపు కాగితం. చివరి పేజీలో రెండో సాక్షి చేవ్రాలు. ఇంటిపేరు నాయనమ్మ పుట్టింటివాళ్ళదే. పేరు ఆయనదే. తండ్రి పేరు శిస్తు రసీదులో ఉన్నదే. కింద ఆయన చేత్తోనే రాసిన మాట: ప్రస్తుతం గుంటూరు కాపురం.

1932. ఆయన రంగూన్‌లో లేరు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య పెద్ద గొడవలు జరిగి ఎంతోమంది చనిపోయారు, ఎంతోమంది ఉన్నపళంగా తిరిగి వచ్చేశారు. ఆయనా అప్పుడే వచ్చారేమో. కానీ ఊరికి రాలేదు. రైలెక్కితే ఒక పూట ప్రయాణం.

ఒక మాట ఇక్కడ సబ్ రిజిస్ట్రార్లకు చెప్పాలి. ఆ దస్తావేజు వెనకవైపు మీ ఆఫీసు పాతకాలం వాళ్ళు ఎంత శ్రద్ధగా రాశారో చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఏ సంవత్సరం, ఎన్నో నంబరు, ఎన్నో పుస్తకం, ఎన్నో వాల్యూము, ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, అన్నీ ఉన్నాయి. ఆ నంబర్లు చేతిలో ఉన్నవాళ్ళకు మీ రికార్డు గది తెరిచిన పుస్తకమే. నంబరు లేనివాళ్ళకే కష్టం. 1983 నుంచి అయితే కంప్యూటర్లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, వచ్చేస్తుంది. అంతకు ముందువాటికి పేర్ల సూచికలు చేత్తో వెతకాలి. ఆ పాత సూచికలు, ఒక్క సూచికలు చాలు, మొత్తం పుస్తకాలు అక్కర్లేదు, స్కాన్ చేసి పెడితే వేల కుటుంబాలకు దారి దొరుకుతుంది. అందులో సాక్షుల పేర్లు ఉండవని నాకు తెలుసు. మా ముత్తాత లాంటివాళ్ళు అలా దొరకరు. అయినా అడుగుతున్నాను.

గుంటూరు అని తెలిశాక ఊరి రిజిస్టర్లు వదిలేసి పట్టణం రిజిస్టర్లు పట్టుకున్నాను. గుంటూరుకు మునిసిపాలిటీ 1866లోనే వచ్చింది. పట్టణాల్లో చావుపుట్టుకలు పల్లెల కంటే పద్ధతిగా రాశారు. ఒక రికార్డు గదిలో, మూడోసారి వెళ్ళినప్పుడు, ఒక రికార్డు అసిస్టెంటు నా మాట పూర్తిగా విన్నాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. "లోపల దుమ్ము మేడమ్, చున్నీ ముక్కుకు కట్టుకోండి" అని లోపలికి తీసుకెళ్ళాడు.

ఆ గది ఎలా ఉందో చెబుతాను. ఒక్కటే బల్బు. ఇనప ర్యాకులు. పై అరల్లో ఎర్రగుడ్డ మూటలు, ముడి విప్పి ఎన్నేళ్ళయిందో. కింది అరలో వానాకాలంలో నీళ్ళొచ్చిన గీత గోడ మీద స్పష్టంగా ఉంది. 1932 పుస్తకానికి అట్ట లేదు. 1933ది తెరుచుకోలేదు. తడిసి, ఆరి, పేజీలన్నీ అంటుకుని ఇటుకలా గట్టిపడింది. అతను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా కదిపితే అంచు నుంచి పొడి రాలింది, పక్కన చెదలు కట్టిన మట్టి దారి కనిపించింది. "ఇది వద్దు మేడమ్, విరిగిపోతుంది" అని అలాగే పెట్టేశాడు. నాకు ఒళ్ళు చల్లబడింది. ఆయన అందులో ఉంటే ఇక ఎప్పటికీ దొరకరు.

1934ది తెరుచుకుంది. తోలు వీపు చిట్లింది కానీ లోపల బాగుంది. సిరా నలుపు పోయి టీ రంగుకు వచ్చింది. అతను జేబులోంచి ఒక పాత పోస్టుకార్డు తీసి, దాన్ని పేజీ కిందకు జొనిపి, వేళ్ళు తగలకుండా ఒక్కో పేజీ తిప్పాడు. అలా చేయమని అతనికి ఎవరూ నేర్పలేదట, పేజీలు విరుగుతుంటే చూడలేక తనే అలవాటు చేసుకున్నాడట. జనవరి చివరికి రావడానికి అరగంట పట్టింది.

1934 జనవరి 31. పేరు. తండ్రి పేరు. మగ. వయసు 44. చోటు అన్న గడిలో: సత్రం. కారణం అన్న గడిలో: జ్వరం. కబురు చెప్పినవారు అన్న గడిలో సత్రం కాపలాదారు, వేలిముద్ర.

ఆ వేలిముద్ర వైపు ఎంతసేపు చూశానో తెలియదు. ఎవరో ఏమిటో తెలియని ఆ కాపలాదారు నడిచి వెళ్ళి ఆయన పేరూ తండ్రి పేరూ సరిగ్గా చెప్పి రాయించాడు. జ్వరంలో ఉన్న మనిషి దగ్గర కూర్చుని అడిగి తెలుసుకుని ఉంటాడు. లేకపోతే "ఎవరో బాటసారి" అని రాసేవాళ్ళు.

తర్వాత నకలు ఇచ్చారు. మరణ కారణం నకలులో రాయరు, చట్టమే రాయొద్దంది, దానికి నేనేమీ అనను. నాన్నకు నకలు చూపించి, మిగతాది నోటితో చెప్పాను. ఆయన పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. "ఏ సత్రం తల్లీ?" అని మాత్రం అడిగారు. రిజిస్టర్‌లో సత్రం పేరు లేదు. ఆ సాయంత్రం ఆటో కట్టించుకుని పాత గుంటూరులో తనకు గుర్తున్న సత్రాల వీధులన్నీ తిప్పించుకున్నారు. కొన్నిచోట్ల షాపింగ్ కాంప్లెక్సులున్నాయి.

సిద్ధాంతి గారు పాత పంచాంగం తీసి చూశారు. శ్రీముఖ నామ సంవత్సరం, మాఘ బహుళ పాడ్యమి, బుధవారం. నాయనమ్మ ఏటా మాఘ పౌర్ణమికి సూర్యలంక వెళ్ళి సముద్ర స్నానం చేసి వచ్చేది. మర్నాడు తండ్రి తిథి అని తెలిసి ఉంటే ఇంకో రోజు ఉపవాసం ఉండేదేమో. ఆయన ఎందుకు ఇంటికి రాలేదో ఏ రిజిస్టరూ చెప్పదు. అప్పు చేసి రంగూన్ వెళ్ళారని, చేతిలో డబ్బు లేకుండా ముఖం చూపించలేకపోయి ఉంటారని నాన్న అంటారు. అయి ఉండవచ్చు.

ఇక మిమ్మల్ని అడగాల్సింది అడుగుతాను.

మొదటిది పట్టిక. కంప్యూటర్లు, స్కానర్లు, టెండర్లు తర్వాత. ముందు ప్రతి రికార్డు గది తలుపు మీద ఒక కాగితం: లోపల ఏ ఊళ్ళవి, ఏ రిజిస్టర్లు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా. జిల్లా విడిపోయినప్పుడు ఏవి బయటికి వెళ్ళాయి, ఎక్కడికి. ఒక మనిషి పది రోజుల్లో రాయగలడు. నాలాంటివాళ్ళ నాలుగేళ్ళు మిగులుతాయి, మీ కౌంటర్ దగ్గర రోజూ పడే తలనొప్పి కూడా తగ్గుతుంది.

చెప్పులు అరిగేలా తిరగగలిగిన నేను గుంటూరులోనే ఉంటాను, పెన్షన్ వస్తుంది. కూలికి వెళ్ళే మనిషి తన తాత పేరు కోసం మూడు జిల్లా కేంద్రాలు తిరగలేడు. కులం సర్టిఫికెట్ కోసమో, ఇంటి స్థలం కోసమో, కోర్టులో వారసత్వం కోసమో పాత నకలు అవసరమయ్యేది ఎక్కువగా వాళ్ళకే. పట్టిక అవసరం నాకంటే వాళ్ళకెక్కువ.

పాస్టర్లకు: గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది. మా కొలీగ్ ఒకావిడ వాళ్ళ కుటుంబంలో ప్రభుత్వ కాగితం ఏదీ చెప్పని పేరు, ఊరి చర్చి బాప్తిస్మపు రిజిస్టర్‌లో తల్లి పేరుతో సహా దొరికింది. పొలం, పట్టా లేనివాళ్ళ పేర్లు శిస్తు లెక్కల్లో ఉండవు. దళిత కుటుంబాలకు మూడు నాలుగు తరాల వెనక్కి వెళ్ళే దారి చాలాచోట్ల మీ బీరువాలోనే ఉంది. దయచేసి ఆ పుస్తకాలను పండగ సామానుతో కలిపి పెట్టకండి.

హెడ్మాస్టర్లకు: అడ్మిషన్ రిజిస్టర్లలో ఆడపిల్లలు తమ సొంత పేరుతో ఉంటారు. దస్తావేజుల్లో "ఫలానా వారి భార్య", "ఫలానా వారి కూతురు" అని ఉండే మనిషి అక్కడ తన పుట్టిన తేదీతో, తన ఇంటిపేరుతో ఉంటుంది. మా ముత్తవ్వ పేరు నాకింకా ఏ కాగితంలోనూ దొరకలేదు. ఆమె బడికి వెళ్ళలేదు.

కరణాల కుటుంబాలకు: మీ అటక మీదున్నవి మీ తాతల చేతిరాతే, కాదనను. వాటిలో మా తాతలు కూడా ఉన్నారు. ఎవరికీ ఇచ్చేయక్కర్లేదు. దించి, దులిపి, ఫోన్‌తో ఫోటోలు తీయనివ్వండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్ని ఇంట్లోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. నాలుగు రోజుల తర్వాత ఇంట్లోకి వెళ్ళగలిగారు. మంచం కింద పెట్టెలో బాబాయి వాళ్ళ తాత నాటి కాగితాలు పిండిముద్దలా చేతికొచ్చాయి. ఒక్కదానికీ ఫోటో లేదు. టీవీ, ఫ్రిజ్ మళ్ళీ కొనుక్కున్నారు. ఇప్పటికీ బాబాయి ఆ పెట్టె సంగతే చెబుతారు.

చివరగా ఆ రికార్డు గది అధికారి గారికి. మీరెవరో మీకు తెలుసు. మీ గదిలో పనిచేసే ఆ అబ్బాయి పోస్టుకార్డుతో పేజీలు తిప్పుతున్నాడు. అతనికి ఒక మాస్కు, మెత్తటి బ్రష్షు, ఒక లైటు ఇప్పించండి. గొలుసుకట్టు చదవడం కొంచెం నేర్చుకున్నాను. నాతో పాటు రిటైరైనవాళ్ళు ఇంకో నలుగురున్నారు. ఆఫీసు ఉన్న రోజుల్లో మీరు చెప్పిన వేళకు వచ్చి, మీ మనిషి ముందు కూర్చుని, పట్టిక రాసి పెడతాం. జీతం వద్దు, టీ కూడా మేమే తెచ్చుకుంటాం.

కింది అరలో ఉన్న 1933 పుస్తకాన్ని మాత్రం ఈ వానలు రాకముందే పై అరకు మార్పించండి. దాన్ని విడదీయడం తెలిసినవాళ్ళు దొరికేదాకా ఎవరూ బలవంతంగా తెరవకుండా గుడ్డలో చుట్టి ఉంచండి. ఆ ఏడాది గుంటూరులో చనిపోయినవాళ్ళందరూ అందులోనే ఉన్నారు.